పాఠం దిద్దకముందు: 'పరిష్కారం' అన్న మాటపై ఒక అభ్యంతరం

తెలుగు శాఖలలో కథపైనా, నవలపైనా సమర్పించే సిద్ధాంత గ్రంథాలలో ఒక అధ్యాయానికి దాదాపు స్థిరపడిపోయిన పేరు ఉంది: 'సమస్యలు - రచయిత సూచించిన పరిష్కారాలు'. కరవు సమస్యకు పరిష్కారం, వరకట్న సమస్యకు పరిష్కారం, కుల సమస్యకు పరిష్కారం అంటూ ఉపశీర్షికలు సాగుతాయి. ప్రతి ఉపశీర్షిక కింద రెండు ఉదాహరణలు, చివర ఒక వాక్యం: రచయిత ఈ సమస్యకు చక్కని పరిష్కారం చూపారు. నా పరిశోధన ప్రణాళికలోనూ ఆ అధ్యాయం ఉంది. లేకపోతే పరిశోధన అసంపూర్ణమన్నారు, చేర్చాను. మూడేళ్లుగా దానిని రాయలేకపోతున్నాను. ఎందుకు రాయలేకపోతున్నానో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ విషయమై మన విమర్శలో రెండు పక్షాలున్నాయి. పరిష్కారం చూపని రచన బాధ్యత లేనిదన్నది మొదటి పక్షం. అభ్యుదయ విమర్శలో దీనికి బలమైన సంప్రదాయమే ఉంది. రచయిత సమస్యను సరిగా చిత్రిస్తే చాలు, పరిష్కారం చెప్పనక్కరలేదన్నది రెండవ పక్షం. దశాబ్దాల తరబడి పీఠికలలో, సమీక్షలలో, సదస్సులలో ఈ రెండూ తలపడుతూనే ఉన్నాయి. నా దృష్టిలో రెండింటిదీ ఒకే పొరపాటు. పరిష్కారమనేది పుస్తకంలో ఉండే లేదా లేకపోయే ఒక వస్తువని రెండు పక్షాలూ ఒప్పుకొన్నాయి. బాధపడే మనిషికి అది చేరిందా, చేరిందని మనకెలా తెలుస్తుంది అన్న ప్రశ్న ఇరువురికీ లేదు. వైద్యానికి ఆ ప్రశ్న ఉంది. ఇంజనీరింగుకు ఉంది. న్యాయశాస్త్రానికైతే ఆ ప్రశ్నే పునాది. సానుభూతిని వృత్తిగా పెట్టుకొన్న మన శాఖకే అది లేకపోయింది.

మన మాటలతోనే మొదలుపెడతాను. 'చికిత్స' అన్న పదంలో ధాతువు 'కిత్'; దానికి సన్ ప్రత్యయం చేరింది. సన్నంత రూపం సాధారణంగా కోరికను తెలుపుతుంది. తెలుసుకోగోరడం, ఎరిగి కనిపెట్టుకొని ఉండడం అన్న ఛాయ ఆ మాటలో మందుకన్నా ముందే ఉంది. 'పరిహారం' సంస్కృతంలో ప్రధానంగా విడిచిపెట్టడం, తప్పించడం. తెలుగులో అది భూమి పోయినవానికి సర్కారు ఇచ్చే సొమ్మూ అయింది, గ్రహదోషానికి చేయించే శాంతీ అయింది. 'ఉద్ధరణ' పైకి లేవనెత్తడం. వేరొకరి మాటను ఎత్తి మన వ్యాసంలో పెట్టుకోవడమూ ఉద్ధరణే. ఇక 'పరిష్కారం': సమస్యను తీర్చడం ఒక అర్థం, గ్రంథాన్ని పాఠాంతరాలతో సరిచూసి ప్రకటించడం మరొక అర్థం. మొదటి అర్థంలో ఆ మాటను మనం విచ్చలవిడిగా వాడుతున్నాం. రెండవ అర్థంలో మన పూర్వులు సాధించిన క్రమశిక్షణను మరిచిపోతున్నాం. ఈ వ్యాసంలో నా వాదమంతా ఈ రెండు అర్థాల మధ్య జరిగిన ఆ మరపు గురించే.

నేను పుట్టిన రెడ్డిగూడెం ఎన్టీఆర్ జిల్లా తిరువూరు రెవెన్యూ డివిజనులోని మండల కేంద్రం. చుట్టూ మామిడి తోటలు. పక్కనే ఎ.కొండూరు మండలం. అక్కడి తండాలలో, ఎక్కువగా లంబాడా కుటుంబాలలో, మూత్రపిండాల వ్యాధి ఏళ్ల తరబడి మనుషులను తీసుకుపోతున్నది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం పేరు దేశమంతటికీ తెలుసు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు పేర్లు వైద్య పత్రికలలోకి ఎక్కాయి. ఎ.కొండూరు పేరు జిల్లా పత్రికల లోపలి పేజీలను దాటి రావడానికే చాలాకాలం పట్టింది. ఆ తండాలను దృష్టిలో పెట్టుకొని, నివారణ విషయంలో ఏ శాస్త్రం ఏ చోట నిలబడి మాట్లాడుతుందో చూడవచ్చు.

వైద్యుని ముందు ఒక విచిత్రమైన ఇబ్బంది ఉంది. ఉద్దానం వ్యాధికి వైద్యులు పెట్టిన పేరులోనే కారణం తెలియదన్న ఒప్పుకోలు ఉంది. శ్రీలంక ఉత్తర మధ్య రాష్ట్రంలో, మధ్య అమెరికాలోని చెరకు తోటల కూలీలలో ఇటువంటి వ్యాధినే గుర్తించారు. ఎండలో ఒళ్లు ఆరిపోయేలా పనిచేయడం, పురుగుమందులు, నీటిలోని సిలికా, భారలోహాలు, విచక్షణ లేకుండా మింగే నొప్పి మాత్రలు, వంశపారంపర్యం అంటూ అనుమానితుల జాబితా పెద్దది. ఏకైక దోషి మాత్రం దొరకలేదు. అయినా వైద్యం ఆగదు. కారణం తెలియకున్నా క్రియాటినిన్ కొలుస్తుంది, డయాలసిస్ చేస్తుంది. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రీ, మూత్రపిండ పరిశోధన కేంద్రమూ ప్రారంభమయ్యాయి. తెలియదని పేరులోనే రాసుకొని, ఆ పేరుతోనే పని కొనసాగించడం చిన్న విషయం కాదు. మన విమర్శలో 'కారణం అజ్ఞాతం' అని రాసిన అధ్యాయాన్ని నేనింతవరకు చూడలేదు.

ఇంజనీరు మరొక దారి పట్టాడు. కారణం తేలేదాకా ఆగకుండా నీటినే మార్చడం అతని పద్ధతి. ఉద్దానానికి హిరమండలం జలాశయం నుంచి, ఎ.కొండూరు తండాలకు కృష్ణ నుంచి గొట్టాల ద్వారా నీరు తెచ్చే పథకాలు ఈ ఆలోచన నుంచే వచ్చాయి. దీనికి తెలుగునేలపై పాత చరిత్ర ఉంది. నీటిలోని ఫ్లోరైడ్ వల్ల ఎముకలు వంగిపోయే జబ్బును మన దేశంలో తొలిగా వర్ణించింది 1937లో, నాటి నెల్లూరు జిల్లా పల్లెల్లోనే. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో ఫ్లోరైడును అడుక్కు దింపే పద్ధతిని నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ 1970లలో రూపొందించింది; అది 'నల్లగొండ పద్ధతి'గానే లోకానికి తెలుసు. (ఒక జిల్లా పేరు ప్రపంచ సాంకేతిక సాహిత్యంలో రోగం వల్లనూ, దాని విరుగుడు వల్లనూ కలిపి నిలవడం ఆ జిల్లాకు గౌరవమో కాదో నాకింకా తేలలేదు.) ఇంజనీరు దగ్గర కొలత ఉంది: లీటరు నీటిలో ఫ్లోరైడ్ ఒక మిల్లీగ్రాముకు మించకూడదు, వేరే నీరు లేకపోతే ఒకటిన్నర దాకా. చేరిందా లేదా అన్న పరీక్షా ఉంది: 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ లెక్కలో కుళాయి బిగిస్తే చాలదు, మనిషికి రోజుకు 55 లీటర్లు రావాలి. ఆచరణలో ఈ లెక్క ఎంత వమ్మవుతుందో పల్లెల్లో ఎవరినడిగినా చెబుతారు. వమ్మయిందని చెప్పగలగడానికి ముందు ఆ లెక్క ఉండాలి కదా. ఇంకొక సంగతి: అడుక్కు దిగిన ఫ్లోరైడు బురదను ఎక్కడ పారబోయాలన్న ప్రశ్న నల్లగొండ పద్ధతిని విడవలేదు. చేసిన మేలులో మిగిలిన మడ్డిని లెక్కలో చూపే అలవాటు ఆ శాస్త్రానికి ఉంది.

న్యాయశాస్త్రం సంగతి వేరు. హక్కు ఉన్నచోట దానిని నిలబెట్టే ఉపాయమూ ఉండాలన్నది దాని మూలసూత్రం. ప్రాథమిక హక్కులకు భంగం కలిగితే నేరుగా సుప్రీంకోర్టు తలుపు తట్టే వీలిచ్చే 32వ అధికరణాన్ని అంబేద్కర్ రాజ్యాంగానికి ప్రాణంగా భావించారు. కలుషితం కాని నీరు 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమని 1991లో సుభాష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. హైదరాబాదుకు తాగునీరిచ్చే ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ల సమీపంలో పెట్టదలచిన పరిశ్రమ విషయమై 1999లో ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి, ప్రొఫెసర్ ఎం.వి. నాయుడు కేసులో, హాని జరగదని రుజువు చేసే భారం పరిశ్రమ పెట్టేవానిదేనని తేల్చింది. తెలుగునేల నుంచి వెళ్లిన ఈ కేసు దేశపు పర్యావరణ న్యాయంలో ఒక మైలురాయి. అయితే న్యాయానికి ప్రతివాది కావాలి. కారణమే తెలియని రోగానికి ప్రతివాది ఎవరు? సర్కారు బాధ్యతను అడగవచ్చు, నీటిని అడగవచ్చు. కాని చెరిపినవాడే బాగుచేయాలన్న సూత్రం చెరిపినవాడు దొరకనిచోట మూగబోతుంది.

ఇటువంటి చోటికి సాహిత్యం వస్తుంది. వచ్చి, వైద్యునికీ న్యాయమూర్తికీ దొరకని దోషిని మొదటి చరణంలోనే పట్టేస్తుంది. ఒక సదస్సులో నీటి వెత మీద వచ్చిన కవిత్వం గురించి పత్రం విన్నాను. ఏ సదస్సో చెప్పడం అనవసరం. పత్రంలో పాలకులు దోషులు, పెట్టుబడి దోషి, ప్రపంచీకరణ దోషి. ఉదాహరించిన కవితలన్నీ ఆర్తితో ఉన్నాయి. చివర 'కవులు సూచించిన పరిష్కారం' కూడా ఉంది: ప్రజాచైతన్యం. సభ చప్పట్లు కొట్టింది, నేనూ కొట్టాను. బస్సులో ఇంటికి వస్తూ ఆలోచిస్తే, ఆ పత్రంలో ఒక్క ఊరి పేరు లేదు, ఒక్క బోరు లోతు లేదు, రోగి పలికిన ఒక్క మాట లేదు. పాలకుల బాధ్యత లేదని నేననడం లేదు. పాలకులను నిలదీయాలంటే ఆ పత్రం చేతిలో ఉండి ఉపయోగం లేదంటున్నాను.

సాహిత్యం స్వభావమే ఇంత అని కొందరనవచ్చు. కానే కాదు. 'కన్యాశుల్కం' తొలికూర్పు 1897లో వచ్చింది. దాని ఇంగ్లీషు పీఠికలో గురజాడ ఏం చేశారో గుర్తుచేసుకోవాలి. విజయనగరం మహారాజు ఆనంద గజపతి చేయించిన విచారణలో మూడేళ్ల కాలంలో 1034 శుల్క వివాహాలు లెక్కకు వచ్చాయని ఆయన రాశారు. అంటే నాటకానికి ముందు లెక్క ఉంది. మహారాజు శాసనసభలో తలపెట్టిన బిల్లు చట్టం కాలేదన్నదీ మనకు తెలుసు. శాసనం విఫలమైనచోట నాటకం నిలబడింది. నిలబడి పరిష్కారమేమైనా చెప్పిందా? వితంతూద్ధరణ ఉపన్యాసాలను గిరీశం నోట పెట్టింది. ఉద్ధారకుని భాష ఎంత సులభంగా మోసగాని చేతికి చిక్కుతుందో గురజాడకు తెలిసినంతగా ఆయనపై సిద్ధాంత గ్రంథాలు రాసిన మనకు తెలియలేదు. తెలిసి ఉంటే 'గురజాడ సూచించిన పరిష్కారం: సంఘసంస్కరణ' అని రాయడానికి చేయాడేది కాదు.

1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో వీరేశలింగం జరిపించిన తొలి వితంతు వివాహం మన సాహిత్య చరిత్రలన్నింటిలో ఉంది. నిందలు, వెలి భరించి ఆయన చేసిన పనిని తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. కాని ఆ రోజు ఆ చరిత్రలలో వీరేశలింగం జీవిత ఘట్టంగానే ఉంది. పీటలమీద కూర్చున్న గౌరమ్మ కర్మకారకం. ఉద్ధరణ అన్న మాటకున్న రెండవ అర్థం, అవతలివారి మాటను వారి మాటగానే ఎత్తి చూపడం, మొదటి అర్థానికి బలైపోయిన తీరు ఇది.

జాషువా 'గబ్బిలం' (1941) నిజానికి ఈ చర్చలో మనకు పెద్ద ఆధారం. అందులో దళిత కథానాయకుడు ఎవరూ వచ్చి ఉద్ధరించాలని ఎదురుచూడడు. తన గోడు తానే కాశీనాథునికి పంపుకొంటాడు. తనకు ప్రవేశం లేని గుడిలోకి గబ్బిలానికి ప్రవేశం ఉంది, అందుకే అది దూత. ఎవరికి హక్కు, ఎవరు అడ్డు, ఎవరి ఎదుట ఫిర్యాదు, ఏ దారిన అన్నవన్నీ స్పష్టంగా ఉన్న రచన ఇది. న్యాయశాస్త్రం అడిగే ప్రశ్నలన్నింటికీ జవాబులు సిద్ధంగా ఉన్న అర్జీ. దీనిని 'జాషువా సూచించిన పరిష్కారం: సమతాభావం' అన్న నాలుగు మాటలకు కుదించడాన్ని పరిశోధన అని ఎలా అందాం?

ఇక మనకంటూ ఉన్న శాస్త్రం దగ్గరికి వస్తాను. 1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ పండితులను కూర్చోబెట్టి ప్రతులు సేకరింపజేసి, ఒకదానితో ఒకటి సరిచూపించి, 1829లో వేమన పద్యాలను ప్రకటించాడు. మానవల్లి రామకృష్ణకవి 1909లో నన్నెచోడుని 'కుమారసంభవము'ను వెలుగులోకి తెచ్చారు. వేటూరి ప్రభాకరశాస్త్రి మద్రాసు ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారంలోనూ, తరువాత తిరుపతిలోనూ చేసిన కృషి ఈ పత్రిక పాఠకులకు నేను చెప్పనక్కరలేదు. పోయేదానిని నిలబెట్టడమే ఇక్కడ పని, అక్షరాలా ఉద్ధరణ. వీరూ పొరపాట్లు చేశారు. నన్నెచోడుని కాలం మీద రేగిన వాదం ఇంకా చల్లారలేదు. అయినా ఈ విద్య ఒక కట్టడిని ఏర్పరచింది: ప్రతిలో ఉన్నది తప్పని తోచినా చెరపరాదు. సరైనదని నీవనుకొన్న పాఠాన్ని పైన పెట్టు, ప్రతిలోని పాఠాన్ని అధస్సూచికలో చూపు. ఊహాపాఠమైతే ఊహ అని ఒప్పుకో. గ్రంథపాతం ఉన్నచోట చుక్కలు పెట్టు, నీ పద్యం పెట్టకు. తరువాత వచ్చేవాడు నీ తప్పును పట్టుకోగలిగేలా నీ పని ఉండాలి. నివారణ గురించి నేను చదివిన వాటిలో ఇంతకన్నా నిజాయితీ గల నియమం లేదు. ఇది వైద్యంలో పుట్టలేదు, న్యాయంలో పుట్టలేదు. తాటాకుల మధ్య పుట్టింది.

దీనికీ తండాలకూ సంబంధమేమిటని అడుగుతారు. నా అనుభవం ఒకటి చెప్పాలి. మా మేనమామ తోటల్లో కూలిపని చేస్తాడు. దసరా వెళ్లాక కాళ్లకు నీరు దిగిందని ఆసుపత్రికి తీసుకువెళ్లాను. ఎప్పటినుంచి అని అడిగారు. "మామిడి కోతలప్పటినుంచీ ఒంట్లో బాలేదండీ, ఈ రెండు వారాల నుంచీ మరీ ఎక్కువైంది" అన్నాడు. కేస్ షీటులో ఇంగ్లీషులో పడింది: రెండు వారాలు. మామిడి కోతలు పోయాయి. మూత్రపిండాల లోపం మూడు నెలలకు పైగా ఉంటేనే దానిని దీర్ఘకాలిక వ్యాధి అంటారని తరువాత చదివి తెలుసుకొన్నాను. అంటే షీటులోంచి జారిపోయింది అలంకారం కాదు. రోగ నిర్ణయానికి మొదటి ఆధారం. రాసినవారిని నిందించను. వరుసలో అరవైమంది ఉన్నారు. వ్రాయసగాడు తెలియని మాటను వదిలి తెలిసిన మాటను రాసుకొంటాడు, తాళపత్ర ప్రతులలో మనం వేలసార్లు చూసిన లేఖక ప్రమాదమే ఇది. మా మావయ్య తెలుగువాడు కాబట్టి ఒక్క మెట్టు. తండా నుంచి వచ్చిన మనిషి మాట లంబాడీలో పుట్టి, తోడు వచ్చినవారి తెలుగులోకి దిగి, కాగితం మీద ఇంగ్లీషవుతుంది. మూడు ప్రతులు, రెండు అనువాదాలు, మూలం గాలిలో. ఆ కాగితం మీద ఆధారపడి మందు, పింఛను, కోర్టులో పిటిషను, రేపటి పరిశోధన అన్నీ నడుస్తాయి. డయాలసిస్ రోగికి ప్రభుత్వం నెలకు ఇచ్చే 10,000 రూపాయల పింఛనుకు కావలసింది రోగి మాట కాదు, ధ్రువపత్రం.

ఈ పాఠప్రసారాన్ని పరిశీలించగల శిక్షణ ఉన్నది ఎవరికి? నాకు తెలిసినంతలో తెలుగు, భాషాశాస్త్ర శాఖలకే. మాండలికాలను సేకరించాం, భద్రిరాజు కృష్ణమూర్తి వంటివారి ఆధ్వర్యంలో వ్యవసాయ వృత్తిపదకోశం తెచ్చుకొన్నాం. ఒళ్లు బాగాలేనప్పుడు మనిషి వాడే మాటలకు - నీరు దిగడం, ఒళ్లు పట్టేయడం, గుండె దడ, కడుపులో దేవడం - వీటిలో ఏది ఏ ప్రాంతంలో ఏ లక్షణాన్ని చెబుతుందో ఊరూరా సేకరించి వైద్యుని బల్లమీద పెట్టగల కోశాన్ని ఎన్ని శాఖలు తలపెట్టాయి? లంబాడీ మాట్లాడే విద్యార్థులు మన తరగతుల్లోనే ఉన్నారు. గిరిజన సాహిత్యం మీద పత్రం రాయమని వారిని అడుగుతాం. వాళ్ల అమ్మమ్మ ఆసుపత్రిలో చెప్పుకొన్న మాటను రాసిపెట్టమని అడగం.

తెలుగు శాఖ పని వైద్యం కాదని, సాహిత్య పరిశోధన సాంఘిక సేవగా మారితే సాహిత్యం ఏమవుతుందని అభ్యంతరం వస్తుందని నాకు తెలుసు. వచ్చింది కూడా, మా పర్యవేక్షకులే అన్నారు. నేను వైద్యం చేయమనడం లేదు. నిజానికి సాంఘిక సేవ చేస్తున్నామన్న భ్రమను వదలమంటున్నాను. 'పరిష్కారాలు' అన్న అధ్యాయంలో ఉన్నది ఆ భ్రమే. పాఠాన్ని ఉన్నదున్నట్టు పట్టుకోవడం, దిద్దితే దిద్దినచోటు చూపడం, తెలియనిచోట చుక్కలు పెట్టడం - ఇది అచ్చంగా మన పని, మరే శాఖా మనకన్నా బాగా చేయలేని పని. జాషువా పద్యానికి ఈ నియమం వర్తిస్తే, రోగి వాక్యానికి ఎందుకు వర్తించకూడదో నాకు ఎవరూ చెప్పలేదు.

నా ప్రణాళికలో ఆ అధ్యాయం పేరు మార్చమని అర్జీ పెట్టుకొన్నాను. ప్రతి రచనలో బాధితుని మాట ఎన్ని చేతులు మారి పుటమీదికి వచ్చింది, ఏ చేతిలో ఏం మారింది అన్నది అందులో చూడదలచాను. అనుమతి ఇంకా రాలేదు.

రెండవసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడు మావయ్య చెప్పినదాన్ని చెప్పినట్టే చీటీ మీద తెలుగులో రాసి ఇచ్చాను. వైద్యురాలు చదివి, "మీ వైపు మామిడి కోతలు ఎప్పుడమ్మా?" అని అడిగారు. ఏప్రిల్ నుంచి అన్నాను. ఆమె వేళ్లమీద లెక్కపెట్టి, రెండు వారాలు అన్నచోట గీత కొట్టి, పక్కన ఆరు నెలలు అని రాశారు. కొట్టివేసిన మాట కింద ఇంకా చదవడానికి వీలుగానే ఉంది.